దివ్య కారుణ్య ఆదివారం: ఈస్టర్ తర్వాతి ఎనిమిది రోజుల్లో విచారణ ఎలా సిద్ధపడాలి

ఈస్టర్ రాత్రి గుడిలో కాలు పెట్టే సందు ఉండదు. వారం తిరిగేసరికి సగం జంపఖానాలు ఖాళీగా కనిపిస్తాయి. పండక్కి వచ్చిన పిల్లలు మళ్లీ హైదరాబాద్ బస్సెక్కేస్తారు. ఉపవాసాలు, సిలువ మార్గాలు, పాస్కా (ఈస్టర్) జాగరణ అన్నీ అయ్యాక పెద్దవాళ్లు అలసిపోయి ఉంటారు. పాటలు పాడేవాళ్ల గొంతులు బొంగురుపోయి ఉంటాయి. సరిగ్గా ఆ ఆదివారమే శ్రీసభ, అంటే కతోలిక సంఘం, మన చేతికి దివ్య కారుణ్య పండుగను, దేవుని దయను తలచుకునే పండుగను ఇచ్చింది. చాలా విచారణల్లో (పారిష్‌లలో, అంటే ఒక గురువు కింద ఉండే సంఘాల్లో) ఆ రోజు ఒక ఫ్లెక్సీ, ఒక జపమాల, ఒక పాటతో సరిపెట్టేస్తారు. అంతకన్నా ఎంతో చేయొచ్చు, పెద్ద ఖర్చు కూడా ఉండదు. మా విచారణలో కొన్నేళ్లుగా ఈ పండుగ పని చూస్తున్నాను కాబట్టి, ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో మీకు వరసగా చెబుతాను.

ముందుగా ఆ రోజు సువార్త ఒకసారి చదవండి. యోహాను 20వ అధ్యాయం, 19 నుంచి 31 వరకు. మూడేళ్ల పఠనాల చక్రంలో ఏ సంవత్సరమైనా ఈ ఆదివారం ఇదే సువార్త. తలుపులు మూసుకుని భయంతో కూర్చున్న శిష్యుల మధ్యకు ప్రభువు వచ్చి, "మీకు శాంతి కలుగునుగాక" అన్నాడు. ఆ సాయంత్రం తోమా అక్కడ లేడు. మిగతా శిష్యులు "మేము ప్రభువును చూచితిమి" అని అతనికి చెప్పారు. అతను నమ్మలేదు. అయినా అతన్ని వెలివేయలేదు. ఎనిమిది రోజుల తర్వాత అతను వాళ్లతోనే ఉన్నాడు, ప్రభువు అతని కోసం మళ్లీ వచ్చాడు. మైలాపూరు దాకా వచ్చాడని మనం నమ్మే తోమాగారు ఈయనే. ఈ ఎనిమిది రోజులే మన పనికి కొలత. మొదటి ఆదివారం రానివాళ్లు రెండో ఆదివారానికి మన మధ్య ఉండాలి. అలంకరణ, మైకు, భోజనాలు అన్నీ దాని తర్వాతే.

తేదీ, మనుషులు

ఈస్టర్ తర్వాతి ఆదివారమే ఈ పండుగ. 2027లో ఈస్టర్ మార్చి 28న, దివ్య కారుణ్య ఆదివారం ఏప్రిల్ 4న వస్తాయి. 2028లో అవి ఏప్రిల్ 16, 23. మట్టల ఆదివారానికి, అంటే ఈస్టర్ ముందు ఆదివారానికి, కనీసం రెండు వారాల ముందే విచారణ గురువుల దగ్గర కూర్చోండి. పవిత్ర వారం మొదలైందంటే ఫాదర్ గారికి తల ఎత్తే తీరిక ఉండదు. ఒక్కో గురువుకు నాలుగైదు ఊళ్లు ఉన్న చోట ఆదివారం పూజల వేళలు ముందే ఖాయం చేసుకోవాలి, లేకపోతే ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటల ప్రార్థనకు ఆయన ఇంకో ఊళ్లో ఉంటారు.

కమిటీ పెద్దది వద్దు. మరియదళం (లీజియన్ ఆఫ్ మేరీ) నుంచి ఇద్దరు, పేదలకు సాయం చేసే విన్సెంట్ డీ పాల్ సభ ఉంటే అందులోంచి ఒకరు, యువత నుంచి ఇద్దరు, సత్యోపదేశం నేర్పే ఉపదేశిగారు, సిస్టర్స్ ఉంటే ఒక సిస్టర్ చాలు. వాడకు ఒకరు ఉండేలా మాత్రం చూడండి.

ఆ మొదటి సమావేశంలోనే ఒక నోటుబుక్కు తెరవండి. ఒకప్పుడు గుడికి వచ్చి ఇప్పుడు రానివాళ్ల పేర్లు అందులో రాయండి. మంచాన పడ్డవాళ్లు, కాన్పు అయినవాళ్లు, భర్త పోయాక బయటకు రాని ఆడవాళ్లు, గొడవపడి మానేసినవాళ్లు, పెళ్లి విషయంలో మాట పడి దూరమైనవాళ్లు. పేరు పక్కన కారణం రాయకండి. కారణం రాశారంటే ఆ పుస్తకం చాడీల పుస్తకం అవుతుంది. పేరు, వాడ, ఎవరు వెళ్లి కలవాలి, అంతే.

నవదిన ప్రార్థనలు

శుభ శుక్రవారం మొదలై పండుగ ముందు శనివారంతో ముగిసే తొమ్మిది రోజుల ప్రార్థన ఇది. పోలండు సన్యాసిని పునీత ఫౌస్తీనా తన డైరీలో రాసుకున్న క్రమం ప్రకారం రోజుకు ఒక వర్గం వారి కోసం ప్రార్థిస్తాం. మొదటి రోజు లోకమంతటి కోసం, ముఖ్యంగా పాపుల కోసం. రెండో రోజు గురువులు, మఠవాసుల కోసం. ఆరో రోజు సాధు హృదయుల కోసం, చిన్నపిల్లల కోసం. ఎనిమిదో రోజు ఉత్తరించు స్థలంలో, అంటే మరణం తర్వాత శుద్ధి పొందే చోట, ఉన్న ఆత్మల కోసం. తొమ్మిదో రోజు విశ్వాసం చల్లారిపోయినవారి కోసం.

శుభ శుక్రవారం, పవిత్ర శనివారం, ఈస్టర్ ఆదివారం గుడిలో ఇప్పటికే పెద్ద కార్యక్రమాలు ఉంటాయి. ఆ మూడు రోజులూ నవదిన ప్రార్థనను ఇళ్లలోనే చేసుకోమని చెప్పి, చిన్న కరపత్రం ఇవ్వండి. సోమవారం నుంచి వాడల వారీగా, రోజుకు ఒక ఇంట్లో, రాత్రి ఏడున్నరకు పెట్టండి. ఎవరి ఇంట్లో పెట్టాలన్నది జాగ్రత్తగా ఆలోచించాలి. ఎప్పుడూ పెద్దింట్లోనే పెడితే చిన్నింటివాళ్లు గడప దగ్గరే నిలబడిపోతారు. నోటుబుక్కులో పేరున్న మంచాన పడ్డ మనిషి ఇంట్లో పెట్టండి. ఆ ఇంటివాళ్లకు టీ ఖర్చు కూడా పడకుండా చూడండి, మంచినీళ్లు చాలని ముందే చెప్పండి.

పిలవడం

సోమవారం నుంచి శుక్రవారం వరకు ఇదే అసలు పని. ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఒకరు పెద్దవాళ్లు, ఒకరు యువత అయితే బాగుంటుంది. వెళ్లగానే "ఎందుకు రావట్లేదు?" అని అడగకండి. కూర్చోండి, ఆరోగ్యం అడగండి, పిల్లల సంగతి అడగండి. ఈస్టర్ రాత్రి ఆశీర్వదించిన నీళ్లు ఒక సీసాలో తీసుకెళ్లి ఇవ్వండి. ఆదివారం మూడు గంటలకు ప్రార్థన ఉంది, మీరు ఉంటే మాకు సంతోషం అని ఒక్కసారి చెప్పి లేవండి.

మా ఊళ్లో ఒక పెద్దాయన ఆరేళ్లు గుడి ముఖం చూడలేదు. సమాధుల స్థలం దగ్గర మాటా మాటా పెరిగి మానేశారు. ఆయన ఇంటికి వెళ్లడానికి మాలో ఎవరికీ ధైర్యం చాలలేదు. చివరికి నేనూ, ఇంటర్ చదివే ఒక కుర్రాడూ వెళ్లాం. ఆయన నులక మంచం మీద కూర్చుని కందికాయలు వలుస్తున్నారు. మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టలేదు. ఆ కుర్రాడు ఏమీ మాట్లాడకుండా కింద కూర్చుని తనూ వలవడం మొదలుపెట్టాడు. చాలాసేపటికి ఆయన అడిగింది ఒకటే: "ఈ గడపకు రావడానికి మీకు ఆరేళ్లు పట్టిందా?" నా దగ్గర జవాబు లేదు, తప్పు మాదేనని మాత్రం చెప్పాను. ఆ ఆదివారం మూడు గంటల ప్రార్థనకు ఆయన వచ్చారు. లోపలికి రాలేదు, చెప్పులు విడిచే చోట గుమ్మానికి ఆనుకుని చివరిదాకా నిలబడ్డారు. ఇలాంటివాళ్లు వచ్చినప్పుడు అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి చూడకూడదని మీ కమిటీకి గట్టిగా చెప్పండి. మైకులో ఆహ్వానించడం అసలే వద్దు.

పాపసంకీర్తనం

పాపసంకీర్తనం అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందడం. తపస్సు కాలంలో, అంటే ఈస్టర్ ముందు నలభై రోజుల్లో, చాలామంది చేసుకుని ఉంటారు. దివ్య కారుణ్య ఆదివారం కోసం మళ్లీ చేసుకోవాలా అని అడుగుతారు. సాధారణంగా ఆ రోజుకు దాదాపు ఇరవై రోజుల ముందుగానీ తర్వాతగానీ చేసిన పాపసంకీర్తనం సరిపోతుంది, ఆ మధ్య ఘోర పాపంలో పడకపోతే చాలు. కానీ ఏళ్ల తరబడి దూరంగా ఉన్నవాళ్ల కోసం ఈ వారంలో ఒక సాయంత్రం కచ్చితంగా పెట్టాలి. వీలైతే పక్క విచారణ గురువులను రమ్మని అడగండి. సొంత ఫాదర్ గారి దగ్గర చెప్పుకోవడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది ఉంటారు, అందులో తప్పేమీ లేదు.

గురువారం లేదా శుక్రవారం రాత్రి, కూలి పనులు అయ్యాక, ఏడు నుంచి తొమ్మిది వరకు బాగుంటుంది. క్యూ ఉన్న చోటికి మాటలు వినపడకుండా దూరం పాటించండి. పక్కన మెల్లగా ఒక పాట వేస్తే మంచిది. "ఎలా మొదలుపెట్టాలో మర్చిపోయాను" అనే టెన్షన్‌తోనే చాలామంది ఆగిపోతారు. పశ్చాత్తాప ప్రార్థనను పెద్ద అక్షరాలతో అచ్చు వేసి అక్కడ పెట్టండి. మర్చిపోయినా ఫాదర్ గారే అడుగుతారు, భయపడక్కర్లేదని ముందు ఆదివారం ప్రకటనల్లోనే చెప్పించండి.

పటం

ఎర్రని, తెల్లని రెండు కిరణాలతో ఉన్న యేసు పటాన్ని మీరు చూసే ఉంటారు. పోలండులో ప్వోట్స్క్ అనే ఊరి మఠంలో 1931 ఫిబ్రవరి 22న సిస్టర్ ఫౌస్తీనా కొవాల్స్కాకు ప్రభువు ఈ రూపంలో కనిపించి, అలాగే బొమ్మ గీయించమన్నాడు. మొదటి చిత్రాన్ని 1934లో విల్నియస్‌లో ఒక చిత్రకారుడు గీశాడు. లేత రంగు కిరణం నీటికి, ఎర్రది రక్తానికి గుర్తు. సిలువ మీద ఈటెతో పొడిచినప్పుడు ప్రభువు ప్రక్కనుంచి కారినవి అవే. ఫౌస్తీనా 33 ఏళ్ల వయసులో 1938 అక్టోబరు 5న క్రాకోవ్‌లో కన్నుమూసింది. చదువు మూడేళ్లు కూడా నిండని ఆమె మఠంలో వంటపని, తోటపని, గేటు దగ్గర కాపలా చేసింది. 2000 ఏప్రిల్ 30న పోప్ రెండవ జాన్ పాల్ ఆమెను పునీతురాలిగా ప్రకటించి, అదే రోజు ఈ ఆదివారానికి దివ్య కారుణ్య ఆదివారమని పేరు పెట్టారు. ఆయన కూడా 2005లో ఈ పండుగ ముందు రాత్రే కన్నుమూశారు. ప్రసంగానికి ముందు ఎవరైనా ఈ నాలుగు మాటలు చెబితే పటం ముందు నిలబడే పిల్లలకు అర్థమవుతుంది.

పటం కింద ఒక్క వాక్యం ఉండాలి: "యేసువా, మీయందు నమ్మకముంచుచున్నాను." మీ దగ్గర ఉన్నది వేరే భాషలో ఉంటే తెలుగులో రాసి అంటించండి, చదవగలిగితేనే కదా ప్రార్థించేది. బలిపీఠానికి ఎదురుగా, పాస్కా కొవ్వొత్తికి అడ్డంగా పెట్టకండి. పక్కగా స్టాండు మీద పెట్టి, ఒక పూలదండ, ఒక దీపం చాలు. కాగితం పూలు, రంగుల బల్బుల దండలు ఆ ముఖాన్ని కప్పేస్తాయి. నాకైతే మల్లెపూల దండ ఒక్కటీ చాలనిపిస్తుంది, ఏప్రిల్‌లో మల్లెలకు కొరతేముంది?

చలివేంద్రం

ఆకలిగొన్నవారికి అన్నం, దప్పిగొన్నవారికి నీళ్లు, బట్టలు, ఆశ్రయం, రోగులను పరామర్శించడం, చెరసాలలో ఉన్నవారిని చూడటం, చనిపోయినవారిని పాతిపెట్టడం. ఈ ఏడింటినీ శ్రీసభ శారీరక కారుణ్య క్రియలు అంటుంది. అన్నీ ఒకే వారంలో చేయాలని చూస్తే ఏదీ సరిగా జరగదు. సబ్ జైలుకు వెళ్లాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, అది చివరి వారంలో అయ్యే పని కాదు. మన ఎండలకు తగినది దాహం తీర్చడమే. ఈస్టర్ సోమవారం నాడే గుడి ముందో, బస్టాండు దగ్గరో చలివేంద్రం మొదలుపెట్టండి.

కొత్త కుండలు కొన్నాక ఒక పగలూ రాత్రీ నీళ్లు పోసి నాననివ్వండి, ఆ నీళ్లు పారబోయండి. లేకపోతే మట్టి వాసన పోదు. కింద ఇసుక పరిచి తడపండి, కుండకు తడి గోనెపట్టా చుట్టండి. గొడుగు కాకుండా తాటాకు పందిరి వేస్తే గాలి ఆడుతుంది. గ్లాసు ఎవరూ కుండలో ముంచకూడదు. పొడుగు కాడ ఉన్న గరిటెతో ఒక మనిషి పోయాలి, గ్లాసులు కడగడానికి మరో బకెట్టు ఉండాలి. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు వరకు రెండు గంటలకు ఒకరు చొప్పున మనుషుల పేర్లు రాసి పెట్టండి. పదో తరగతి పరీక్షలు అయిపోయిన పిల్లలు దీనికి ఉత్సాహంగా వస్తారు. బోర్డు మీద దాతల పేర్లు వద్దు. ఎవరు వచ్చినా, ఏ మతం అయినా, ఏ వాడ అయినా నీళ్లు ముందు, మాటలు తర్వాత. ఒక్కటి మాత్రం తప్పదు: ఇది ఆదివారంతో ఆగకూడదు. తొలకరి పడేదాకా నడపగలిగితేనే మొదలుపెట్టండి.

ఆదివారం ఉదయం

పఠనాలు, ప్రార్థనలు పాస్కా కాలపు రెండవ ఆదివారానివే. కొత్త పూజ ఏమీ లేదు, మార్చకూడదు కూడా. ఆ రోజు పాడే 118వ కీర్తనలో ప్రభువుకు కృతజ్ఞతలు చెప్పమనీ, ఆయన కృప కలకాలం ఉంటుందనీ ఒకే చోట ఉంది. కారుణ్యం, కృతజ్ఞత రెండూ ఒక్క శ్వాసలో చెప్పే కీర్తన అది. కాబట్టి దాన్ని చదవకుండా పాడండి, పల్లవి అందరికీ ముందే నేర్పండి.

ఈస్టర్ రాత్రి జ్ఞానస్నానం పొందినవాళ్లను తెల్లబట్టల్లో రమ్మనండి. తొలి శతాబ్దాల్లో కొత్తగా జ్ఞానస్నానం పొందినవాళ్లు వారమంతా తెల్లబట్టలు కట్టుకుని, అష్టకం, అంటే ఈస్టర్ ఎనిమిది రోజులు, ముగిశాక విప్పేవారు. వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి, కానుకల సమర్పణలో అప్పం, ద్రాక్షరసం వాళ్ల చేతే తెప్పించండి.

దివ్యబలిపూజే అసలు కృతజ్ఞతార్పణం, దానికి పైన మనం పెద్దగా చేర్చేదేమీ ఉండదు. అయినా మేం ఒక పని చేస్తాం. గుమ్మం దగ్గర చిన్న చీటీలు, పెన్సిళ్లు పెడతాం. ఈ ఏడాది ప్రభువు చేసిన ఒక మేలు రాసి బుట్టలో వేయాలి. రాయలేనివాళ్ల మాటలు పిల్లలు రాసి పెడతారు. ఆ చీటీలను ఎవరూ చదవరు, కానుకలతోపాటు బలిపీఠం దగ్గరకు వెళ్తాయి. ఒకసారి రాసేవాళ్లు లేక నేను కూర్చున్నాను. ఒకామె నా పక్కన చతికిలబడి చాలాసేపు ఆలోచించి, "దాళ్వా వడ్లు వానకు తడవకుండా ఇంటికొచ్చాయని రాయి బాబూ" అంది. రాశాక మడవబోతుంటే ఆపి, "పక్కింటోళ్లవి కూడా అని రాయి" అంది.

కొత్త వడ్లు, మామిడికాయలు, అరటిగెల, కోడిపుంజు తెచ్చేవాళ్లు ఉంటే తేనివ్వండి. పూజ అయ్యాక వేలం వేసి, వచ్చిన డబ్బు ఎంతో, దేనికి వాడతారో అక్కడికక్కడే మైకులో చదవండి.

కృతజ్ఞత చెప్పాల్సిన మనుషులు కూడా ఉన్నారు. వేదిక మీద అతిథులకు శాలువాలు కప్పే అలవాటు ఈ రోజుకు పక్కన పెట్టమని నా మనవి. తెల్లవారుజామున గంట కొట్టే మనిషి, బలిపీఠం గుడ్డలు ఉతికే అమ్మ, సమాధులు తవ్వే అన్న, పాస్కా రాత్రి అందరూ వెళ్లాక మైనం మరకలు గీకిన పిల్లలు, వీళ్ల పేర్లు చదవండి. చప్పట్లు చాలు.

మూడు గంటలు

ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచిన వేళ ఇది. మన ఎండలో కష్టమే, కాబట్టి ఊరేగింపు ఈ వేళకు వద్దు. కావాలంటే సాయంత్రం ఆరుకు పెట్టుకోండి. రెండున్నరకే తలుపులు, కిటికీలు తీసి, ఫ్యాన్లు వేసి, మజ్జిగ సిద్ధంగా ఉంచండి. నడవలేనివాళ్ల కోసం రెండు ఆటోలు మాట్లాడి పెట్టండి.

మూడింటికి దివ్యసత్ప్రసాదాన్ని, అంటే పూజలో ప్రభువు శరీరంగా మారిన అప్పాన్ని, ఆరాధనకు ఉంచుతారు. కాసేపు మౌనం, ఆ మౌనాన్ని మైకుతో నింపకండి. తర్వాత సువార్త, చిన్న ప్రసంగం, ఆపై దివ్య కారుణ్య జపమాల. మామూలు జపమాలతోనే చెప్పొచ్చు. సిలువ గుర్తు వేసుకుని పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం ఒక్కోసారి. ప్రతి పెద్ద పూస దగ్గర, మన పాపాలకూ లోక పాపాలకూ పరిహారంగా ప్రభువు శరీర రక్తాలను, ఆత్మను, దైవత్వాన్ని నిత్య పితకు సమర్పించే ప్రార్థన. పది చిన్న పూసల దగ్గర, ఆయన పడిన ఘోర శ్రమలను చూసి మామీద, లోకమంతటి మీద దయ చూపమనే ప్రార్థన. ఇలా అయిదు పదులు. చివర్లో "పరిశుద్ధ దేవా" ప్రార్థన మూడుసార్లు. మామూలుగా చెబితే పది నిమిషాల లోపే అయిపోతుంది. మగవాళ్ల వైపు సగం, ఆడవాళ్ల వైపు సగం అందుకుంటూ పాడితే ఇరవై నిమిషాలు పడుతుంది, కానీ చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చేస్తుంది.

ఆ రోజు పరిపూర్ణ ఫలం, అంటే పాపాలకు మిగిలిన శిక్ష నుంచి పూర్తి విడుదల, పొందే వీలు 2002 జూన్ 29 నాటి ఉత్తర్వుతో శ్రీసభ కల్పించింది. పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాద స్వీకరణ, పోప్ గారి ఉద్దేశాల కోసం ప్రార్థన, ఏ పాపం మీదా మమకారం లేని మనసు ఉండాలి. గుడిలో ఈ భక్తి ప్రార్థనల్లో పాల్గొనాలి, లేదా దివ్యసత్ప్రసాదం ఎదుట పరలోక జపం, విశ్వాస సంగ్రహం చెప్పి, కరుణామయుడైన యేసువా అని నమ్మకంతో పిలవాలి. మంచం దిగలేనివాళ్లు, వాళ్లకు సేవ చేస్తూ కదల్లేనివాళ్లు కూడా దీనికి దూరం కారు. వీలైనప్పుడు ఆ షరతులు నెరవేర్చాలన్న మనసుతో ఇంట్లో పటం ముందు అవే ప్రార్థనలు చెబితే చాలు. ఈ మాట వాళ్ల ఇళ్లకు వెళ్లి చెప్పాలి, గుడిలో ప్రకటిస్తే వాళ్లకు ఎలా తెలుస్తుంది?

ప్రార్థన అయ్యాక ప్రేమవిందు. పులిహోర, మజ్జిగ, ఒక అరటిపండు చాలు. వంట దగ్గర ఉండిపోయి ప్రార్థనకు రాలేని ఆడవాళ్లు ప్రతి పండక్కీ ఉంటారు. ఈ పండక్కి పులిహోర పొద్దున్నే కలిపేసి, వడ్డించే పని మగపిల్లలకు ఇవ్వండి.

సోమవారం నుంచి

పాస్కా కాలం పెంతెకోస్తు పండుగ వరకు, అంటే ఈస్టర్‌తో మొదలై యాభై రోజులు, ఉంటుంది. గుడిలో పెట్టిన పటం కాకుండా ఇంకో చిన్న ఫ్రేము కొని, దాన్ని ఇంటింటికీ పంపండి. ఒక్కో ఇంట్లో ఒక రాత్రి. మొదట నోటుబుక్కులోని ఇళ్లకు వెళ్లాలి. తీసుకెళ్లేది కమిటీవాళ్లు కాదు, ముందు రాత్రి పటం ఉన్న ఇంటివాళ్లే పక్కింటికి మోసుకెళ్లాలి. మాటలు లేని రెండిళ్లు పక్కపక్కనే ఉంటే వరస మార్చకండి. ఫ్రేము వెనక ఒక కాగితం అంటించి తేదీ, ఇంటిపేరు రాయించండి. అద్దం పగలకుండా పాత దుప్పటిలో చుట్టి ఇవ్వండి, పెంతెకోస్తు ముందు శనివారానికి గుడికి చేరేలా ఉపదేశిగారికి అప్పగించండి.